రబ్బరు ముక్క మీద ఏరియల్

నేను ఒక కారు ఏరియల్‌ని. ఒకదాంట్లో ఒకటి దూరే మూడు ఇత్తడి గొట్టాలు, పైన తళతళలాడే పూత, కొసన కందిగింజంత గుండు, అడుగున రెండు మరల పట్టు. లాగితే మనిషి నడుమెత్తు వస్తాను, నొక్కితే మూరెడవుతాను. అవుతాను అనకూడదు, అయ్యేదాన్ని. ఇప్పుడు లాగినా రాను, నొక్కినా పోను. సాలూరులో లారీల వీధి చివర పాత ఇనుము కొట్లో, పగిలిన హారన్ల కింద, నడుము వంగి పడి ఉన్నాను.

నా బతుకులో నేను ఒక్క మాట వదిలిపెట్టలేదు. గాలిలో వచ్చిందల్లా పట్టాను. అయినా చూపు లేని ఒక తల్లికి చచ్చిపోయిన కూతురి గొంతు అందకుండా పోయిందంటే, అందులో నా పాలు ఉంది. అది చెప్పుకోవాలనే నోరు విప్పుతున్నాను. మీరు జాలిపడనక్కర్లేదు, వింటే చాలు.

బొంబాయిలో ఎండపొడ సోకని ఒక సందులో పుట్టాను. గొట్టాలు సాగదీసేవాడొకడు, పూత వేసేవాడొకడు. ఆఖరున ఒక ముసలాయన నా పట్టు లోపల చిన్న కోరను ఆకురాయితో పదును పెట్టేవాడు. ఆ కోరే నా ప్రాణం. కారు రేకు మీది రంగును చీల్చుకుని అది ఒట్టి ఇనుమును కరిచి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే ఇంజను గోల కారు ఒంట్లోకి దిగిపోతుంది, మాట ఒక్కటే తీగ వెంట రేడియోలోకి వెళుతుంది. పట్టు దొరక్కపోతే మాటా గోలా కలగాపులగంగా పోతాయి. నా శాస్త్రమంతా ఇంతే. ఈ సంగతి బొమ్మతో సహా ఒక కాగితం మీద అచ్చువేసి, నాతోపాటు డబ్బాలో పెట్టారు.

ఆ కాగితంతో బత్తిలి లోకనాథం చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

లోకనాథం సాలూరులో లారీ ఎలక్ట్రీషియను. అతని కొట్లో మేకుకి మూడేళ్లు వేలాడాను. మనిషి మంచివాడు, పనిమంతుడు కూడా. కాకపోతే చిన్నప్పటినుంచీ లారీలు తప్ప మరో బండి ముట్టుకోలేదు. ఆ ఊళ్లో లారీ క్యాబిన్లు చెక్కతో కడతారు. చెక్క పగలకుండా ఏరియల్ కింద రబ్బరు ముక్క వేసి బిగించడం, ఎర్తు కోసం వేరే తీగ లాగి ఛాసిస్‌కి కట్టడం అతని పద్ధతి. పైగా లారీలు డీజిలువి. డీజిలు ఇంజనుకి స్పార్కు ప్లగ్గులు ఉండవు కాబట్టి దాని వల్ల రేడియోకి ఏ తంటా రాదు. లోకనాథానికి తెలిసినదంతా నిజమే. అది కారుకి పనికిరాని నిజం, అంతే.

ఆ కొట్టుకి ఒక మాఘమాసపు ఉదయం మజ్జి కూర్మారావు వచ్చాడు. పెళ్లిళ్లకీ, ఆసుపత్రులకీ బాడుగకు తిప్పే పాత ల్యాండ్‌మాస్టర్ కారు అతనిది. కారుకి అప్పటికి ఇరవై ఆరేళ్లు. ముందు అద్దం మీద గీతలు, సీట్లలో కొబ్బరిపీచు బయటికి వచ్చేసింది. రంగు ఒక్కటీ కొత్తది, లేత అరటాకు రంగు. గీత లేదు, మరక లేదు.

"లోకనాథం, కారులో రేడియో పెట్టాలిరా. ఏరియల్ మంచిది కావాల" అన్నాడు.

"ఇన్నేళ్లూ లేంది ఇప్పుడెందుకన్నా రేడియో?"

కూర్మారావు జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడు. రేడియో కేంద్రం నుంచి వచ్చిన కార్డు. వచ్చే నెల పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పన్నెండూ నలభైకి స్త్రీల కార్యక్రమంలో శ్రీమతి మజ్జి వరహాలమ్మ ప్రసంగం వస్తుందని అందులో ఉంది. లోకనాథం చదివి కార్డు తిరిగి ఇచ్చేశాడు. వరహాలమ్మ కూర్మారావు భార్య. పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు.

ఆమె కొండ మీది ఊళ్లకు మందుల పెట్టె మోసుకుని తిరిగే ఆరోగ్య కార్యకర్త. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలో చెప్పమని రేడియోవాళ్లు పట్నం పిలిపించి పది నిమిషాలు మాట్లాడించారు. తిరిగొచ్చిన రెండో వారంలో కొండ జ్వరం తలకెక్కింది. మూడు రోజులు ఒళ్లు తెలియలేదు. నాలుగోరోజు మనిషి లేదు. ఊరూరా జ్వరం మాత్రలు పంచిన మనిషి ఆ జ్వరానికే పోయింది. మనుషుల లోకంలో ఇలాంటివి మామూలేనట.

ఆ ఇంట్లో ఇక మిగిలింది కూర్మారావు, అతని అత్త నరసాయమ్మ. కూతురు పోయాక అల్లుడి ఇంట్లో అత్త ఉండటమేమిటని వీధిలో అనుకున్నారు. ఆమెకి వేరే దిక్కు లేదు. అతనికి వేరే మనిషి లేదు. నరసాయమ్మకి ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. కన్నకూతుర్ని ఆమె ఎన్నడూ చూడలేదు. కూతురంటే ఆమెకి ఒక గొంతు. సంతల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. శవాన్ని ఇంటికి తెచ్చినరోజు ముఖమంతా తడిమి, "ఇది నా పిల్ల కాదు. ఎవుల్ని తెచ్చినారు?" అందట. మాట్లాడని వరహాలు ఆమెకి తెలియదు మరి. ఆ రోజునుంచి వీధిలో ఆడమనిషి గొంతు వినిపిస్తే చాలు, తల అటు తిప్పుతుందని కూర్మారావు చెప్పాడు.

"ఒక్కసారి ఆ గొంతు ఇనిపిస్తే ముసల్దాని పేణం కుదుటపడతాదిరా. టేపు మళ్లీ వెయ్యరంట. ఒక్కసారేనంట" అన్నాడు.

ఇళ్లలో ఉండే చిన్న రేడియోల్లో మధ్యాహ్నం పూట పట్నం కేంద్రం సాలూరులో సరిగ్గా రాదు. గురగురమంటుంది. కొండదారి ఎక్కితే పట్నం ఉన్న సముద్రం వైపు అడ్డు తొలగిపోతుందని, ఏడో మలుపు దగ్గర గుక్క తిప్పుకోకుండా వస్తుందని లారీ డ్రైవర్లందరికీ తెలుసు. అందుకే కారు, అందుకే రేడియో, అందుకే నేను.

లోకనాథం మూడు ఏరియళ్లు బల్ల మీద పరిచాడు. ఒకటి ముందు మడ్‌గార్డుకి బొక్క వేసి దింపేది, నాకంటే పొడుగు, గట్టిది. ఇంకొకటి కప్పు నడిమధ్యన బొక్క వేసి నిలబెట్టేది. మూడోది నేను. తలుపు మీదుగా వాననీళ్లు జారిపోయే రేకు అంచు ఉంటుంది చూడండి, దాన్ని పటుక్కున పట్టుకుని ఉంటాను. బొక్క అక్కర్లేదు.

"మడ్‌గార్డుదైతే రాజాలాగుంటాది. అర అంగుళం బొక్కంతే" అన్నాడు లోకనాథం.

"బొక్క వద్దు."

"పాత కారుకి బొక్కేటన్నా, దానికి లేని బొక్కా?"

"రంగు ముట్టుకోకు. ఆ రంగు అది ఏరింది" అన్నాడు కూర్మారావు.

నిజమే. కారుకి రంగు వేయించినప్పుడు వరహాలమ్మ తన జాకెట్టు ముక్క పట్టుకెళ్లి, రంగులు కలిపేవాడి ముందు రెండు పూటలు కూర్చుని, ఇది కాదు ఇది కాదు అని నాలుగు డబ్బాలు తిప్పికొట్టి, చివరికి ఈ రంగు కుదిరించిందట. ఆమె చేతి పని అని చూపించడానికి అతనికి మిగిలింది ఆ రంగే. కాబట్టి నన్ను ఎంచుకున్నాడు. నా గొప్ప చూసి కాదు, బొక్క అక్కర్లేదని.

ఎడమవైపు ముందు తలుపు మీద, రేకు అంచుకి నన్ను ఆనించారు. లోకనాథం మర తిప్పబోయాడు. కోర రంగుకి తగిలి చిన్న గీత పడింది, గోటి గాటంత. కూర్మారావు అతని చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"రంగు పోతాదిరా!"

"సరేలే, కింద ట్యూబు ముక్కేస్తాను. లారీలకి ఏసేది అదే కదా."

పాత సైకిలు ట్యూబులోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి, మడిచి, నాకూ కారుకీ మధ్య దూర్చి బిగించాడు. నా కోర రబ్బరులో దిగింది. ఇనుము అందలేదు. లారీ అయితే వేరే తీగ లాగేవాడు. ఇది ఒళ్లంతా ఇనుపరేకు కదా, మళ్లీ తీగెందుకని వదిలేశాడు. ఒకడు ప్రేమకొద్దీ, ఒకడు అలవాటుకొద్దీ నన్ను గాలిలో నిలబెట్టారు. అరవడానికి నాకు నోరు లేదు.

ఆ సాయంత్రమే పరీక్ష చేశారు. చీకటి పడే వేళకి రేడియోలో అన్ని ఊళ్లూ పలుకుతాయి. ఇంజను ఆపి ఉంది కాబట్టి గోల లేదు. ఎక్కడిదో హరికథ ఖణీమని వచ్చింది. ఇద్దరూ తృప్తిపడ్డారు. లోకనాథం ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాడు.

"నీ బ్యాటరీలో పస లేదన్నా. కొండ మీద ఇంజను ఆపకు, నడుస్తూ ఉండనీ. లేపోతే రేడియో పడిపోద్ది."

లారీవాడి సలహా. లారీలో అయితే మంచి సలహా.

పద్నాలుగో తేదీ పొద్దున్న నరసాయమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పది గంటలకే వచ్చి కారులో ముందు సీట్లో కూర్చుంది. కూతురింటికి పేరంటానికి వెళుతున్న మనిషిలా ఉంది. ఏడో మలుపు దగ్గర వెడల్పాటి జాగాలో కారు ఆపి, కూర్మారావు దిగివచ్చి నన్ను పూర్తిగా పైకి లాగాడు. ఎదురుగా లోయ, దూరంగా ఎండలో చెరువులు. గాలిలో పట్నం కేంద్రం నిండుగా ఉంది. నాకు ఏ లోటూ లేదు. చెబుతున్నాను కదా, నాకు అంతా అందుతూనే ఉంది.

పన్నెండున్నరకి రేడియో పెట్టాడు. ఇంజను నడుస్తోంది. పటపటపటమని మొక్కజొన్నలు పేలుతున్నట్టు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కారు పెట్రోలుది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టిన ప్రతిసారీ ఆ చప్పుడు నా అడుగున వచ్చి కలుస్తోంది, దాన్ని దింపుకోవడానికి నాకు ఇనుము అందడం లేదు. కూర్మారావు మీట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముఖమంతా చెమట. పన్నెండూ నలభై అయింది.

"వొచ్చిందా బాబూ?" అంది నరసాయమ్మ.

"ఉండత్తా, వొస్తాది."

ఇంకేమీ తోచక ఇంజను ఆపేశాడు. చప్పుడు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. "...శ్రీమతి మజ్జి వరహాలమ్మ ప్రసంగం వింటారు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. ఆ వెంటనే ఒక బొంగురు గొంతు: "అక్కలకి, చెల్లెళ్లకి నమస్కారం."

నరసాయమ్మ నిటారుగా అయిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఏడవలేదు. విని, చిన్నగా అంది: "జలుబు సేసినట్టుంది గొంతు. తలారబెట్టుకోదు, ఎన్నిసార్లు సెప్పినా."

కూర్మారావు స్టీరింగు మీద తల ఆన్చేశాడు. అతని వీపు కదులుతోంది.

రెండు నిమిషాలు, మహా అయితే మూడు. పసిపిల్లలకి విరేచనాలైనప్పుడు నీళ్లు ఆపకూడదని, కాచి చల్లార్చిన చెంబుడు నీళ్లు తీసుకోమని, గుప్పెడు పంచదార వెయ్యమని వరహాలమ్మ చెప్పింది. ఆ తరువాత రేడియో దీపం ఎర్రబడింది. గొంతు సన్నగిల్లడం మొదలెట్టింది.

"ఎక్కడికెల్లిపోతంది?" అంది నరసాయమ్మ. "బాబూ, ఎల్లిపోతంది. ఆపు, ఆపు దాన్ని!"

అతను సెల్ఫు నొక్కాడు. కారు మూలిగింది, అంతే. ఆ మూలుగుకి ఉన్న కాస్త గొంతూ పోయింది. ఇంజను తిప్పే హ్యాండిలు తీసుకుని కారు ముందుకు పరిగెత్తి, దూర్చి, పిచ్చెత్తినట్టు తిప్పాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. తిరిగొచ్చి కూర్చుని ఎక్సలరేటరు తొక్కాడు. దీపం వెలిగింది, రేడియోకి ప్రాణం వచ్చింది, దాంతోపాటు పటపటా వచ్చింది. ఆ చప్పుడు అడుగున ఎక్కడో వరహాలమ్మ మాట్లాడుతూనే ఉంది. ఆపితే గొంతే ఉండదు. నడిపితే గొంతు వినపడదు. ఎటు పోవాలో తెలియక అతను అలాగే తొక్కిపట్టి కూర్చున్నాడు.

అప్పుడు నరసాయమ్మ ఆ గోలకి దూరంగా జరగాలనో, గొంతు బయటినుంచి వస్తోందనుకునో, కిటికీలోంచి చెయ్యి పైకి చాపింది. రేకు అంచు తడుముతూ నా దాకా వచ్చి, నా పట్టు మీద గట్టిగా చెయ్యి వేసింది. రెండో చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఆ పిడి ఒట్టి ఇనుము, రంగు లేదు. చెమటతో తడిసిన రెండు చేతులు. నాకు ఇన్నాళ్లూ అందని ఇనుము ఆమె ఒంటిలోంచి అందింది.

పటపట సగానికి సగం తగ్గిపోయింది. దాని మీదుగా వరహాలమ్మ గొంతు లేచి దగ్గరికి వచ్చింది.

"...ఉప్పు ఎంతంటారా? మా అమ్మకి..."

నరసాయమ్మ ముఖం నేను చూశాను. ఆ ముఖం గురించి ఏమీ చెప్పలేను.

కూర్మారావు తల తిప్పి, నా మీద ఉన్న ఆమె చెయ్యి చూశాడు. ఏరియల్ ముట్టుకుంటే రేడియో చెడుతుందని ఎవరు నేర్పారో అతనికి. గబుక్కున వంగి ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగేశాడు.

"ముట్టుకోకత్తా! ముట్టుకుంటే రాదు!"

పటపటపటపట.

ఆమె మళ్లీ చెయ్యి చాపబోయింది. "చెప్తుంటే ఇనవేటి!" అని అతను అరిచాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అత్త మీద గొంతెత్తడం అదే మొదలు. ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. పన్నెండూ యాభైకి ఆ చప్పుడులోనే ఏదో వాయిద్యం మొదలైంది. ప్రసంగం అయిపోయిందని ఇద్దరికీ తెలిసింది.

కూర్మారావు మర్నాడు బస్సెక్కి పట్నం వెళ్లి రేడియో కేంద్రంలో అడిగాడు. వాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టి చెప్పారు. టేపులు కొన్నే ఉంటాయని, ఒకసారి వినిపించాక దాని మీదే మరొకరి మాట ఎక్కిస్తారని, వరహాలమ్మ మాట మీద అప్పటికే వరి తెగుళ్ల గురించి ఎవరో మాట్లాడేశారని.

తరువాత నాలుగు నెలలు నేను ఆ కారు మీదే తిరిగాను. రేడియో మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఆషాఢంలో వానకి తలుపు పైన నీళ్లు కారుతున్నాయని కూర్మారావు కారు తీసుకెళితే, లోకనాథం నా మరలు విప్పాడు. అతని దగ్గరికి విజయనగరం నుంచి కార్ల రేడియోలు బాగుచేసే మనిషి ఒకాయన ఏదో సామాను కోసం వచ్చి ఉన్నాడు. ఊరికే చూస్తూ నిలబడ్డవాడు, ట్యూబు ముక్క చూసి నవ్వాడు.

"ఇదెవరు పెట్టారండీ? పెట్రోలు బండికి ఏరియల్ కింద రబ్బరేంటి? ఎర్తెక్కడ దొరుకుద్ది? ఇంజను నడుస్తుంటే పటపట తప్ప ఇంకేటీ ఇనపడదు. రంగు గీకి బిగించాలి. మనిషి చెయ్యేసి పట్టుకున్నా సగం గోల తగ్గుతాది."

లోకనాథం తల వంచేసుకున్నాడు. కూర్మారావు బల్ల మీది ఆకురాయి తీసుకుని, రేకు అంచు మీద అరటాకు రంగును తానే గీకాడు. బొటనవేలంత చాలు. అతను జానెడు గీకాడు, తెల్లటి ఇనుము బయటపడేదాకా. నన్ను దాని మీద పెట్టి, మరలు బిగించి, ఇంజను స్టార్టు చేసి రేడియో తిప్పాడు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధరలు, పక్కన కూర్చుని చెబుతున్నంత తేటగా వచ్చాయి. చివరిదాకా విన్నాడు.

ఇంటికి వెళ్లి, కారు వాకిట్లో ఆపి, అరుగు మీద కూర్చున్న నరసాయమ్మ ముందు చతికిలబడ్డాడు. నేను మూడు గజాల దూరంలో ఉన్నాను.

"అత్తా, ఆ రోజు నువ్వు చెయ్యేస్తే గొంతొచ్చింది. నీ చెయ్యి తీసేసి పాడు చేసింది నాను. ఇయ్యాళే తెలిసింది నాకు."

ఆమె చెయ్యి చాపి అతని తల తడిమింది.

"నాకు అప్పుడే తెలుసు బాబూ. సెయ్యేస్తే దగ్గరికొచ్చినాది. నువ్వు లాగితే ఎల్లిపోనాది. కళ్లు నేవు గానీ సెవులున్నాయి కదా."

"మరి సెప్పలేదేటత్తా!"

"సెప్తే నువ్వు బతుకుతావేటి? అప్పటికే కూడు మానేసినావు. ఇద్దరం పోతే దాని పేరెత్తీవోలు ఎవులుంటారు?" అని, ఇలా అడిగింది: "మా అమ్మకి అన్నాది. ఆ ఎనకాలేటన్నాదో, నువ్వైనా ఇన్నావేటి?"

"నేదత్తా. నాకూ ఇనపళ్లేదు."

"పోనీలే. ఉప్పు మాటే అయ్యుంటాది" అంది నరసాయమ్మ, ముఖం వీధివైపు తిప్పుకుంది.

ఉప్పు మాటే. నేను విన్నాను. నాకు ప్రతి మాటా అందింది, గోలంతా నా తరువాతే కదా. ఆమె తరువాతి సంక్రాంతి చూడలేదు. కూర్మారావు కారు అమ్ముకుని ఎటో వెళ్లిపోయాడు. ఆ మాట గుర్తుంచుకున్నదాన్ని ఇప్పుడు లోకంలో నేనొక్కదాన్నే కాబట్టి మీకైనా చెబుతాను. వరహాలమ్మ అన్నది ఇది: "ఉప్పు ఎంతంటారా? మా అమ్మకి చూపు లేదు. మూడు వేళ్లకి అందినంత తీసి వేస్తుంది, ఒక్క రవ్వ ఎక్కువుండదు, తక్కువుండదు. నేను బతికింది ఆ చేతి కొలత మీదే. అనుమానం వస్తే సాలూరు వచ్చి మా అమ్మని అడగండి."